తెర మీద పేరు, లోపల పేరు

కంప్యూటర్ అబద్ధమాడదని మీలో చాలామంది అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధమాడదు, నిజమే. కాని చెప్పిన పని సగం చేసి, మిగతా సగం గురించి ఎవరూ అడగకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది. ఈ సంగతిలో అలా కూర్చున్నది కంప్యూటర్ ఒక్కటే కాదు, నేను కూడా. అందుకే ఇది రాస్తున్నాను. మిషన్లు బాగుచేసే పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు చదివితే చాలు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఆబిడ్స్‌లో ఒక సందులో టైపు మిషన్లు బాగుచేసేవాణ్ణి. తొంభైలలో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే బోర్డులు దించుకుంటుంటే, ఈ చేతులకు ఇంకేం పని దొరుకుతుందని భయం పట్టుకుంది. నాంపల్లిలో ఒక కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళి నేర్పమని అడిగాను. అక్కడి పెద్దమనిషి నన్ను కింది నుంచి పై దాకా చూసి, "ముందు ఇంటర్ సర్టిఫికెట్ తీస్కరా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొన్నాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో పేజీ ఒక్కో రోజు చదివాను. పాడైపోయిన కంప్యూటర్ ఒకటి తెచ్చుకుని, అది ప్రాణం పోసుకునే దాకా విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. నాకు ఎవరూ నేర్పలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను, ఏమైనా అనుకోండి.

కొత్త శతాబ్దం మొదలైన రెండు మూడేళ్ళకు పదీ పన్నెండు ఆఫీసుల కంప్యూటర్లు నా చేతి కింద ఉండేవి. వాటిలో పెద్దది ఒక బడుల సొసైటీ ఆఫీసు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి వైపు పోయే దారిలో ఒక పాత మేడ మీద ఉండేది. ఆ ఆఫీసుతోబాటు సొసైటీ నడిపే బడులన్నిటి మిషన్లకూ ఏడాది కాంట్రాక్టు నాదే. నా ఇల్లు గడిచేది ఎక్కువగా దాని మీదే.

ఆ ఆఫీసు సూపరింటెండెంటు పాతబస్తీ మనిషి. తాతల నాటి నుంచి గుమాస్తా ఉద్యోగాలు చేసిన ఇల్లు. ఆయనకు రెండు పట్టుదలలు ఉండేవి. అచ్చయిన ప్రతి కాగితం అడుగున, ఆ ఫైలు కంప్యూటర్‌లో ఎక్కడుందో చిన్న అక్షరాలలో పడాలి. "కాగితం దొరికితే ఫైలు దొరకాలె, ఫైలు దొరికితే మనిషి దొరకాలె" అనేవాడు. రెండోది, మిషన్‌ను ఎవరు ముట్టుకున్నా ఏం చేశారో సర్వీసు రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. రెండూ మంచి పద్ధతులే, నేనిప్పటికీ ఒప్పుకుంటాను.

ఆ ఆఫీసులో ఒక టైపిస్టమ్మ ఉండేది. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. ఆమె టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ మిషన్లకు నూనె వేసింది నేనే, అంటే ఆమె పెళ్ళికి ముందు నుంచీ తెలుసు. మిగతా ఆఫీసుల్లో మెకానిక్ అంటే నిలబడి పని చేసుకుని పోవాల్సినవాడు. ఆమె మాత్రం నేను రాగానే లేచి తన కుర్చీ ఇచ్చేది. "నిలబడి చూస్తే మిషిన్ రోగం తెలుస్తదా అన్నా, కూసోన్రి" అనేది.

ఒకసారి ఆమెను సొసైటీని నడిపే కరస్పాండెంటు గది బయటికి మార్చారు. అక్కడ కొత్త మిషన్ ఇచ్చారు, దాన్ని ఆమె పేరుతోనే సిద్ధం చేశాను. ఆమె పాత మిషన్ పరీక్షల గుమాస్తాకు వెళ్ళింది. సూపరింటెండెంటు నన్ను పిలిచి, "దాని మీద ఆమె పేరు తీసేసి ఈయన పేరు పెట్టు. ఫైళ్ళు మాత్రం పోవద్దు" అన్నాడు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, పని సంగతి చెప్పాలి. విండోస్‌లో ఒక మనిషి పేరు మొదటిసారి పెట్టినప్పుడు, లోపల ఆ పేరుతోనే ఒక ఫోల్డర్ తయారవుతుంది. ఆ మనిషి రాసిన కాగితాలన్నీ అందులో పడతాయి. తర్వాత మీరు కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి పేరు మారిస్తే, మిషన్ తెరవగానే కనిపించే పేరు మారుతుంది. లోపలి ఫోల్డర్ పేరు మారదు. ఇంటి ముందు బోర్డు మారినా లోపల బీరువా మీద పాత యజమాని పేరు అలాగే ఉన్నట్టు.

నేను తెర మీద పేరు మార్చాను. లోపలికి వెళ్ళి చూశాను, ఫోల్డర్ మీద ఆమె పేరే ఉంది. దాన్ని మార్చబోతే విండోస్ కుదరదంది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఇంకో రెండు ఆఫీసులకు పోవాల్సి ఉంది. లోపల ఎవరు చూస్తారులే అనుకున్నాను. రిజిస్టర్ తెరిచి రాశాను: "పరీక్షల మిషన్‌లో పేరు పూర్తిగా మార్చడమైనది." పూర్తిగా అన్న మాట ఎవరూ అడగలేదు. నా పని గొప్పగా కనబడాలని నేనే చేర్చాను. కింద సంతకం.

కొన్ని నెలలు గడిచాయి. అర్ధ సంవత్సర పరీక్షల ముందు నెలవారీ సర్వీసుకు వెళ్ళాను. టైపిస్టమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. మిషన్ మీద దుమ్ము.

"అమ్మ రాలేదేంది సార్ ఇయ్యాల?" అని సూపరింటెండెంటును అడిగాను.

"ఇయ్యాల గాదు, వారమాయె. ఇంట్ల కూసొమ్మన్నం. ఎంక్వయిరీ నడుస్తున్నది."

"ఆమె మీద ఎంక్వయిరీనా?"

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. తొమ్మిదో తరగతి లెక్కల ప్రశ్నపత్రం. అక్కడక్కడ నల్లగా మరకలు కొట్టింది. గౌలిగూడలో ఒకాయన రేషన్ కార్డు జిరాక్స్ తీయించుకుంటే, దుకాణంవాడు కాపీలు ఈ కాగితంలో చుట్టి ఇచ్చాడట. ఆయన కొడుకు తొమ్మిదో తరగతే, సొసైటీ బడిలోనే. తండ్రి నిజాయితీపరుడు, తెచ్చి ఆఫీసులో ఇచ్చాడు. కాగితం అడుగున చిన్న అక్షరాలలో ఫైలు దారి, ఆ దారి మధ్యలో టైపిస్టమ్మ పేరు.

"ప్రశ్నపత్రాలతోని ఆమెకేం పని సార్? అవి పరీక్షల మిషిన్ల గద ఉండేది."

"గదే గదా నేననేది. ఈమె మిషిన్లకు ఎట్లొచ్చింది? దొంగతనంగ తీసి అమ్ముకుంటున్నదన్నట్టే గద. మిషిన్లు అమ్మిన కంపెనీ ఇంజనీరును పిలిపిచ్చినం. పరీక్షల మిషిన్ల ఈమె పేరే లేదు, మారిపోయింది, కాబట్టి ఈ కాగితం ఈమె మిషిన్ల నుంచే వచ్చింది అన్నడు." ఆయన రిజిస్టర్ తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఇగో, పూర్తిగా మార్చడమైనది. నీ చేతిరాతనే గద మెకానిక్ సాబ్?"

నా చేతిరాతే.

ఆ క్షణాన మొత్తం అర్థమైంది. ఆ కాగితం పరీక్షల మిషన్‌లోదే. లోపల ఫోల్డర్ మీద ఆమె పేరు మిగిలింది, ఎందుకంటే నేను మిగిల్చాను. కాగితాల అడుగున ఆ చిన్న అక్షరాలను ఇన్ని నెలలూ ఎవరూ చదవలేదు. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది నా అక్షరాలు. నోరు తెరిచి ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను తల ఊపి, మిషన్లు తుడిచి, మెట్లు దిగి వచ్చేశాను.

మూడు రోజులు నా దుకాణంలో నా మిషన్ మీదే ఆ పని చేసి చూస్తూ కూర్చున్నాను. ఫోల్డర్ పేరు మార్చి, ఆ సంగతి విండోస్‌కు చెప్పకపోతే ఏమవుతుందో తెలుసా? అది పాత పేరుతో కొత్త ఖాళీ ఫోల్డర్ చేసుకుని, మీ వస్తువులేవీ లేని ఇల్లు మీ ముందు పెడుతుంది. మొదటిసారి నా లెక్కలూ ఉత్తరాలూ అన్నీ పోయాయనుకుని చెమటలు పట్టాయి. రెండోసారి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన లెక్కలు తను రాసుకునే చోట, ఒక అక్షరం తప్పు కొట్టాను. మూడోసారి కుదిరింది. సరిగా తెలిసిన తర్వాతే వెళ్ళి చెప్పాలని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. కాంట్రాక్టు పోతుందన్న భయానికి పెట్టుకున్న పేరు.

గురువారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను, ఆ పేరు నా పనేనని, ఆమె తప్పు లేదని. ఆమె చివరి దాకా విన్నది. చేట పక్కన పెట్టింది.

"మీకు ఎప్పుడెరుక అన్నా?"

"సోమారం."

"ఇయ్యాల?"

"బేస్తారం."

"మూడొద్దులు ఏం జేసిన్రు?"

"పని సరిగ వస్తదా అని చూసుకుంటున్న అమ్మా."

"పదమూడేండ్ల నౌకరీ నాది. మొన్న ఆదివారం చర్చిల మా ముందటి బల్ల మీద కూసున్నామె ఎన్కకు తిరిగి చూసి, పక్కామె చెవుల ఏందో అన్నది. ప్రార్థన అయినంక ఎప్పుడు మాట్లాడేటోళ్ళు గూడ మాట్లాడలే. పిల్లల పేపర్ అమ్ముకున్నదట అంటున్నరు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "నాకెందుకు చెప్తున్రు ఇదంతా? నేను చేయలేదని నాకు తెల్వదా? గాడ చెప్పున్రి, ఆఫీసుల."

కూర్చోమనలేదు. ఆ ఇంట్లో కుర్చీ ఉంది, నాకు కనబడుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున ఆఫీసు తెరవకముందే మెట్ల మీద నిలబడ్డాను. సూపరింటెండెంటు రాగానే, "అయిదు నిమిషాలు అందరు ఉండాలె సార్. ఆ ఇంజనీరు, టైపిస్టమ్మ, కరస్పాండెంటు సార్ గూడ. పరీక్షల మిషిన్ కాడ" అన్నాను.

"కరస్పాండెంటు సారా? ఆయన నీ మిషిన్ కాడికొస్తడా?"

"ఆమెను ఇంట్ల కూసోబెట్టిన కాగితం మీద సంతకం ఆయనదే గద సార్. ఆయనే చూడాలె."

నా మొహంలో ఏం కనిపించిందో, ఆయన ఫోన్ అందుకున్నాడు. పదకొండు గంటలకు అందరూ వచ్చారు. కరస్పాండెంటు రిటైరైన హెడ్మాస్టరు, చేతికర్రతో వచ్చి మిషన్ పక్కన నిలబడ్డాడు. టైపిస్టమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. పరీక్షల గుమాస్తా గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇంజనీరు మెడలో కార్డు, చేతిలో సెల్‌ఫోన్, మొహం మీద చిరునవ్వు.

"రికార్డులో క్లియర్‌గా ఉంది కదా అంకుల్? పేరు మార్చామని మీరే రాశారు. మళ్ళీ ఏంటి?"

"ఏంటో మీరే చూద్దురు గాని," అన్నాను.

కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, గుమాస్తా పేరు తీసేసి కరస్పాండెంట్ అని పెట్టాను. మిషన్ మూసి తెరిచాను. తెర మీద పెద్ద అక్షరాలలో కరస్పాండెంట్ అని వచ్చింది. అందరికీ కనిపించేలా పక్కకు జరిగాను.

"సార్, ఇప్పుడు ఈ మిషిన్ మీది. మీ చేతులతోని ఒక వాక్యం కొట్టున్రి."

ఆయన కుర్చీలో కూర్చుని, ఒంటి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో నేను కరస్పాండెంటును అని కొట్టాడు. చివర చుక్క కూడా పెట్టాడు, హెడ్మాస్టరు కదా. సేవ్ చేయమన్నాను, చేశాడు. ప్రింటర్ గీగీమని కాగితం వదిలింది. నేను ముట్టుకోలేదు. సూపరింటెండెంటే చింపి తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం అడుగు భాగం కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏముంది?" అన్నాడు కరస్పాండెంటు.

"పైన మీరున్నరు సార్. కింద ఆమె పేరున్నది."

ఇంజనీరు నవ్వు ఎటు పోయిందో పోయింది. నన్ను తప్పుకోమని తనే మౌస్ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె పేరుతో ఫోల్డర్, అందులో పరీక్షల ఫైళ్ళన్నీ, వాటి మధ్య తొమ్మిదో తరగతి లెక్కలు.

"అకౌంట్ పేరు వేరు, ఫోల్డర్ పేరు వేరా?" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

సూపరింటెండెంటు గుమాస్తా వైపు తిరిగాడు. "ఇది నీ మిషిన్ల కాగితమేనంట. గౌలిగూడకు ఎట్ల పోయింది?"

గుమాస్తా గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "మన జిరాక్స్ మిషిన్ ఖరాబైన రోజు నేనే తీస్కపోయిన సార్. మొదలు రెండు కాపీలు నల్లగొచ్చినయ్, గాడనే ఇడిసిపెట్టిన."

"మరి ఇన్నొద్దులు నోరెందుకు తెర్వలే?"

"కింద నా పేరు లేదు గద సార్. ఇంజనీర్ సాబ్ గూడ నా మిషిన్ది కాదన్నడు. అయితే నాది కాదేమో అనుకున్న."

ఆయన అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనుకోను. యాభై ఏళ్ళ మనిషి, తన చేతులతో పారేసిన కాగితాన్ని, దాని మీద ఇంకొకరి పేరు చూసి తనది కాదనుకున్నాడు. అచ్చులో పడిన పేరుకు అంత బలం.

సూపరింటెండెంటు ఇక రిజిస్టర్ తెచ్చాడు. నా ముందు తెరిచి పెట్టాడు. "మరి ఈ పూర్తిగా ఏంది?"

"తప్పు సార్."

"తెల్వక రాసినవా, తెలిసి రాసినవా?"

నాకు తప్పించుకునే దారి చూపించాడు సూపరింటెండెంటు, ఆ సంగతి ఆ వేళే తెలిసింది. తెల్వక అంటే అయిపోయేది. చదువులేని మెకానిక్, ఏం తెలుస్తుంది పాపం అని వదిలేసేవాళ్ళు. కాంట్రాక్టు నిలిచేది. ఇంజనీరుకే తెలియలేదు, నాకు తెలియకపోతే వింతేముంది? కాని ఆ మాట నా నోట్లోంచి రాలేదు. ఇది నిజాయితీ అని చెప్పుకోను. సొంతంగా నేర్చుకున్నవాడు అబద్ధాలకోరు అనిపించుకోవడానికైనా సిద్ధపడతాడు గాని, ఏమీ తెలియనివాడు అనిపించుకోలేడు.

"తెలిసే సార్. లోపల ఆమె పేరు మిగిలిందని చూసిన. మార్చబోతె రాలే. టైము లేదని ఇడిసిపెట్టి, పూర్తిగా అని రాసిన."

కరస్పాండెంటు కర్ర ఆనించి లేచాడు. "ఆమె రేపటి నుంచి వస్తుంది. ఇన్నాళ్ళ జీతం కోయవద్దు." తర్వాత నా వైపు చూశాడు. "మీరు వచ్చే నెల నుంచి రావద్దు."

"సరే సార్," అన్నాను. ఏడాదికొకసారి రాసుకునే కాంట్రాక్టు ఒక్క వాక్యంతో పోయింది.

నేను సంచి భుజాన వేసుకుంటుంటే సూపరింటెండెంటు అడ్డం వచ్చాడు. "యాడికి? రాసింది నిజం చేసి పో."

సంచి దించాను. ముందు ఫైళ్ళన్నీ ఒక సీడీలోకి ఎక్కించాను. ఆ ఫోల్డర్ వాడకంలో ఉండగా దాని పేరు మారదు, కాబట్టి పూర్తి అధికారాలతో ఇంకో పేరు తయారుచేసి, మిషన్ మళ్ళీ తెరిచి, ఆ పేరుతో లోపలికి వెళ్ళాను. అప్పుడు తెర మీద గుమాస్తా పేరు తిరిగి పెట్టి, ఫోల్డర్ పేరు మార్చాను. మనిషి పేరు పెట్టలేదు, ఎగ్జామ్స్ అని పెట్టాను. మనుషులు సీట్లు మారుతుంటారు. తర్వాత రిజిస్ట్రీలోకి వెళ్ళి, విండోస్ తన దగ్గర రాసుకున్న పాత దారి చెరిపి కొత్త దారి రాశాను. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాను. తెలుగు టైపు ప్రోగ్రాము ఒకటి పాత దారినే పట్టుకుని మొండికేస్తే, దానికీ కొత్త దారి చూపించాను.

ఇంజనీరు వెనక నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి గరగరమని చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే, జేబు డైరీలో రాసుకుంటున్నాడు.

"అంకుల్, ఆ రిజిస్ట్రీ స్టెప్ మళ్ళీ ఒకసారి చెప్తారా?"

చెప్పాను. నెమ్మదిగా, రెండుసార్లు. నా జీవితంలో ఒక డిగ్రీ మనిషి నేను చెప్తుంటే రాసుకున్నది అదే మొదలు. కాంట్రాక్టు పోయిన గంటలోనే నాకు అంత సంతోషం కలిగిందంటే మీరు నమ్మకపోవచ్చు.

మిషన్ మళ్ళీ తెరిచాను. గుమాస్తా ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. రిజిస్టర్‌లో పాత వరుస కొట్టేయలేదు. దాని కింద రాశాను: "పై రాత అబద్ధం. పేరు ఈరోజు మార్చడమైనది." సంతకం పెట్టాను.

అప్పటి దాకా తలుపు దగ్గరున్న టైపిస్టమ్మ లోపలికి వచ్చింది. "నేను చూస్త," అన్నది. లేచి కుర్చీ ఇచ్చాను. ఒక వరుస కొట్టింది, చూడకుండా, పది వేళ్ళతో. అచ్చు తీసింది. అడుగున ఆమె పేరు లేదు. ఆ కాగితం టేబులు మీదే వదిలేసి, సూపరింటెండెంటు చేతిలో ఉన్న మొదటి కాగితం వైపు చెయ్యి చాపింది.

"అది నాకియ్యున్రి సార్."

"ఇదెందుకమ్మా?"

"ఎల్లుండి ఆదివారం."

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని నేరుగా కరస్పాండెంటు ముందు పెట్టి పెన్ను అందించింది. "ఇది మీరే కొట్టిన్రని రాసి సంతకం పెట్టున్రి సార్." ఆయన కళ్ళజోడు సర్దుకుని, తను కొట్టిన వాక్యాన్ని, దాని అడుగున ఉన్న ఆమె పేరును ఇంకోసారి చూసి, ఆమె చెప్పినట్టే రాసి సంతకం చేశాడు.

ఆమె కాగితం నా వైపు తిప్పింది.

"మీరు గూడ."

"నేనేం రాయాలె అమ్మా?"

"చేసింది రాయున్రి."

నిలబడే రాశాను. పేరు లోపల మిగిల్చింది నేను, ఈమె కాదు, అని. ఆమె చదువుకుంది, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు సిగ్గయ్యేది.

నాకు ఇంటర్ సర్టిఫికెట్ లేదు, డిగ్రీ లేదు, ఏ సెంటరూ నాకు పట్టా ఇవ్వలేదు. నాకేం వచ్చో, నేనేం చేశానో రెండూ ఒకేచోట రాసి ఉన్న కాగితం ఒక్కటే ఉంది, అదీ ఆమె దగ్గర. ఆ ఆదివారం చర్చి బయట నిలబడి ఆమె దాన్ని ఎంతమందికి చదివి వినిపించిందో నాకు తెలియదు. అందరికీ వినిపించి ఉంటే బాగుండునని మాత్రం ఇప్పటికీ కోరుకుంటాను, అందులో నా పేరుతో సహా.